ఆన్‌లైన్లో పెంగ్విన్ల లెక్కా, సూర్యలంక తాబేళ్లా, ఉప్పలపాడు కొంగలా... గుంటూరోళ్లకి ఏది మేలు?

మా బాబాయి కొడుకు ఇంగ్లండ్‌లో ఉంటాడు, నవంబర్‌లో డోనా నూక్ అనే బీచ్ నుంచి వీడియో కాల్ చేశాడు. కంచె అవతల తెల్లబొచ్చు సీల్ పిల్ల దొర్లుతా ఉంది, వీడు కంచె మీదకి వంగి ఫోన్ చాపేసరికి వాలంటీర్ పెద్దాయన ఒకాయన వచ్చి వెనక్కి జరగమన్నాడు. మా అమ్మేమో "సీలంటే ఆఫీసుల్లో కొట్టేది కదరా" అంటది. అది కాదమ్మా, సీలంటే సముద్రంలో ఉండే జంతువు, తల్లి మూడు వారాల పాటు తిండి మానేసి పిల్లకి పాలిస్తది, మనుషులు మీదకొస్తే బెదిరి పిల్లనొదిలి సముద్రంలోకి పోయినా పోద్ది, అందుకే ఆ కాపలా అని చెప్పా. అంటే ఆయన సీల్స్‌ని చూసేదానికన్నా మనుషుల్ని చూసుకునేదే ఎక్కువన్నమాట.

మన తీరంలో సీల్స్ లేవు. కానీ అట్లాంటి పని ఒకటి చేద్దామని పట్టింది నాకు, మూడు రకాలు ట్రై చేశా.

మొదటిది ఇంట్లో కూర్చుని చేసేది. అంటార్కిటికాలో వెడెల్ సీల్స్ అని ఉంటాయి, శాటిలైట్ ఫోటోల్లో మంచు మీద నల్లచుక్కల్లా కనపడతాయి, 2011 నాటి ఆ ఫోటోల్ని మూడు లక్షల మందికి పైగా మామూలు జనం ఆన్‌లైన్లో వెతికిపెడితే 2021లో లెక్క తేలింది, ఆడ సీల్సే సుమారు 2 లక్షలని. అది అయిపోయిన పని, నాకు దొరికింది జూనివర్స్ అనే వెబ్‌సైట్‌లో పెంగ్విన్ వాచ్. ఫోటోలో పెంగ్విన్ కనపడితే క్లిక్ కొట్టడమే. ఒకే ఫోటో చాలామందికి చూపిస్తారు కాబట్టి మన తప్పు ఒక్కటీ కొంప ముంచదు. ఇంట్లోంచి కదలలేని వాళ్లకి బంగారం లాంటి పని, నాకు మాత్రం రెండు నెలలకి ఆఫీసు ఎక్సెల్ షీట్‌కీ దీనికీ తేడా తెలియకుండా పోయింది.

రెండోది సూర్యలంక. గుంటూరు నుంచి బాపట్ల యాభై కిలోమీటర్లు, అక్కణ్ణుంచి ఇంకో తొమ్మిది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి. ఒడిశా రుషికుల్యలోలా లక్షల్లో కాదు, ఒకటీ అరా. ఫారెస్టు వాళ్లతో కలిసే వెళ్లాలి, 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్ జీవి కాబట్టి సొంతంగా గుడ్ల మీద చెయ్యేస్తే కేసే. మూడు రాత్రులు వెళ్లా, రెండు రాత్రులు ఇసకలో నడక తప్ప ఏం లేదు, పిక్కలు పట్టేశాయి. మూడోరాత్రి రెండు గంటలప్పుడు ఇసక మీద ట్రాక్టర్ టైరు పోయినట్టు జాడ, దాని చివర ఆవిడ. వెనక కాళ్లతో ఒకటి మార్చి ఒకటి, పిడికెడు పిడికెడు ఇసక తీసి పక్కన పోస్తా ఉంది, గుంట కూజా లాగా లోపల వెడల్పు పైన సన్నం, గుడ్లేమో పింగ్‌పాంగ్ బంతుల్లా మెత్తగా జారిపడుతున్నాయి, వంద పైనే ఉంటాయన్నారు. కళ్లెంబడి నీళ్లు కారుతుంటే నొప్పికేమో అనుకున్నా, కాదంట, ఒంట్లో ఉప్పు అట్లా బయటికి పంపుద్దంట. అంతా అయ్యాక ఇసక కప్పేసి ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతా దబదబా కొట్టి చదును చేసింది. అది చూశాక రెండ్రోజులు నిద్రపట్టలా.

కానీ అదే రాత్రి ఇంకో తాబేలు సగం దాకా వచ్చి ఎవడో కుర్రాడు ఫ్లాష్ వేసి సెల్ఫీ కోసం ఎగబడితే వెనక్కి తిరిగి సముద్రంలోకి పోయింది. తెల్లారాక చూస్తే ఒడ్డున చచ్చిన తాబేళ్లు రెండు. ఇవి గాలి పీల్చే జీవులు, ట్రాలర్ వలలో చిక్కుకుంటే పైకి రాలేక ఊపిరాడక చస్తాయి. చేపలవేట నిషేధమేమో ఏప్రిల్ 15న మొదలవుద్ది, అప్పటికి గుడ్లు పెట్టే సీజన్ దాదాపు అయిపోద్ది, ఏం చెప్తాం.

మూడోది ఉప్పలపాడు. గుంటూరు పక్కనే, పొద్దున టిఫిన్ లోపు వెళ్లి రావచ్చు. ఊరి చెరువు మధ్య చెట్ల మీద పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు పెడతాయి, ఊరోళ్లే వాటికి కాపలా. గట్టు మీద నిలబడి బైనాక్యులర్లో చూస్తే పెలికాన్ పిల్ల తల్లి గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చేసి చేపలు లాక్కుని తినడం కనపడుద్ది, మొదటిసారి చూస్తే తల్లి పిల్లని మింగేస్తుందేమో అని గుండె జారుద్ది. కంపు మాత్రం మామూలుగా ఉండదు, ముందే చెప్తున్నా. నేను ఒకే చెట్టు పెట్టుకుని వారం వారం గూళ్లు లెక్కేసి ఈబర్డ్ అనే పక్షుల లెక్కల యాప్‌లో ఎక్కిస్తా.

నన్నడిగితే మొదలుపెట్టేవాళ్లకి ఉప్పలపాడే మేలు. సూర్యలంక గొప్పదే, ఉద్యోగాలు చేసుకునేవాళ్లకి మాత్రం సీజన్‌కి నాలుగు రాత్రుల కన్నా కుదరదు, అప్పుడప్పుడు వెళ్తే మనం కూడా టూరిస్టులమే. కొంగల దగ్గరైతే పోయిన వారం గూట్లో ఎన్ని ఉన్నాయో ఈవారం ఎన్ని ఉన్నాయో మనకే తెలుస్తది, రాత్రి జాగారం లేదు, పిల్లల్ని కూడా తీసుకెళ్లొచ్చు. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మకి మాత్రం పెంగ్విన్లే పెట్టిచ్చా, నాకన్నా ఓపిగ్గా చేస్తంది.

ఈ ఆదివారం ఆరున్నరకి నేను గట్టు మీదే ఉంటా, వచ్చేవాళ్లు టోపీ తెచ్చుకోండి, బండి మాత్రం చెట్టు కింద పెట్టొద్దు.