లిఫ్ట్ చేయని పాత జీపుకు ఏ సైజు టైరు? సీజే-3బీ మీద పన్నెండేళ్ల అనుభవం

మా జీపు 1970ల నాటి మహీంద్రా సీజే-3బీ. పెట్రోలు ఇంజను, మూడు గేర్లు, కమాను పట్టీలు కంపెనీ అమర్చిన ఎత్తులోనే ఉన్నాయి, అంటే లిఫ్ట్ (జీపును ఎత్తు లేపడం) చేయించలేదు. 2013లో కొన్నప్పటి నుంచి ఉద్దానంలోని మా జీడి, కొబ్బరి తోటలకూ, మందస దాటి మహేంద్రగిరి వైపున్న ఊళ్లకూ, వారంలో ఒకటి రెండు సార్లు పలాసకూ దీని మీదే తిరుగుతున్నాను. ఇన్నేళ్లలో నాలుగు రకాల టైర్లు మార్చాను. వాటిలో రెండింటిని అసలు ఎక్కించకుండా ఉండవలసింది.

మొదటి జత పాత యజమాని ఇచ్చినది. సైజు 6.00-16 (వెడల్పు ఆరు, రిమ్ము పదహారు అంగుళాలు) అని టైరు గోడ మీద స్పష్టంగానే ఉంది, కంపెనీ సైజూ అదే, కాబట్టి నాకు అనుమానం రాలేదు. అయితే అవి ట్రాక్టరు ముందు చక్రాలకు వేసే గీతల టైర్లు. మన వైపు ఏ మండల కేంద్రంలోనైనా దొరుకుతాయి, ధర తక్కువ, అందుకే చాలా పాత జీపులకు ఇవే తగిలిస్తారు. సైజు పక్కనే ఉన్న ‘ఏ8’ అనే గుర్తుకు అర్థం గంటకు 40 కిలోమీటర్లకు మించి నడపరాదని. ఈ సంగతి తెలియక ఒక వానాకాలం ఉదయం రహదారి మీద 60లో బ్రేకు వేశాను. చక్రాలు ఆగాయి గాని జీపు ఆగలేదు. పక్క మట్టిలోకి దిగి, ఒక కిలోమీటరు రాయికి జానెడు దూరంలో నిలిచింది. 6.00-16 కొనేటప్పుడు అంకెలతో పాటు ఆ వేగపు గుర్తునూ, అది జీపు టైరో ట్రాక్టరు టైరో కూడా చూడాలి.

ఆ చక్రాలు విప్పేటప్పుడే మరో పాఠం. కుడి వైపు నట్లు సులువుగా వచ్చాయి. ఎడమ వైపు నేనూ పంక్చరు షాపు కుర్రాడూ పైపు తగిలించి, దాని మీద నిలబడి తొక్కినా కదలలేదు. లోపలి నుంచి ముసలి మేస్త్రి వచ్చి చూసి, “బిగిసిపోనేదు బాబూ, మీరే బిగించేస్తన్నారు. ఎడం పక్క ఉల్టా మర” అన్నాడు. ఈ తరం జీపుల్లో ఎడమ చక్రాల స్టడ్డులకు (నట్లు ఎక్కే బోల్టులకు) మర తిరగేసి ఉంటుంది. నా జీపుకు ఆ రోజు రెండు స్టడ్డులు విరిగాయి.

తరువాత, 2015లో, చూడటానికి బాగుంటుందని 31x10.5 ఆర్15 (ఎత్తు 31, వెడల్పు 10.5, రిమ్ము 15 అంగుళాలు) టైర్లు, ఎనిమిది అంగుళాల వెడల్పు రిమ్ములు వేయించాను. లిఫ్ట్ అవసరం లేదని అమ్మిన షాపతను చెప్పాడు. మడ్‌గార్డు కింద వేళ్లు పెట్టి చూపించాడు, ఖాళీ ఉంది. ఇక్కడే నేను పొరపాటు పడ్డాను, ఇక్కడే చాలామంది పడతారు. లిఫ్ట్ లేని జీపులో టైరుకు మొదట తగిలేది మడ్‌గార్డు కాదు, ముందు కమాను పట్టీ. ఎత్తు సరిపోయినా వెడల్పు సరిపోదు. నెల రోజులకు జీపు కిందికి దూరి చూస్తే, పట్టీ పక్క అంచు కత్తి నూరినట్టు మెరుస్తోంది, దాని మీద పెన్సిలు చెక్కిన పొడి లాగా నల్లటి రబ్బరు పొడి పేరుకుంది. ఆ ఒరిపిడి ఆపడానికి స్టీరింగు పిడికిలి (ముందు చక్రం పక్కకు తిరిగే కీలు) మీది అడ్డు బోల్టును బయటికి తిప్పవలసి వచ్చింది, దానితో చక్రం తిరిగే కోణం తగ్గింది. అంతకు ముందు ఒక్క ఊపులో తిరిగే జీడి వరుసల మధ్య ముందుకూ వెనక్కూ మూడు సార్లు కొట్టుకోవడం మొదలయింది.

రాపిడి తప్పించాలంటే రిమ్మును బయటికి జరపాలి. అలా జరిపిన రిమ్ములు అరువు తెచ్చి వేసి చూశాను. చక్రం బయటికి పోయిన కొద్దీ బేరింగు మీదా, ఆ కీలుకు ఇరుసైన కింగ్‌పిన్ మీదా బరువు పెరుగుతుంది, పవర్ లేని ఈ పాత స్టీరింగు గుంటలో పడ్డ ప్రతిసారీ చేతిలో తన్నుతుంది, తలుపులు లేని జీపు కాబట్టి టైరు ఎగజిమ్మిన బురద నేరుగా చొక్కా మీదికి వస్తుంది. వారానికే తిరిగి ఇచ్చేశాను.

ఎత్తు చేసే నష్టం కంటికి కనిపించదు, లెక్క వేస్తే తెలుస్తుంది. 6.00-16 టైరు ఎత్తు సుమారు 730 మిల్లీమీటర్లు, 31 అంగుళాల టైరుది 787. అంటే చుట్టుకొలత దాదాపు 8 శాతం పెరిగింది. ఈ జీపు ఇరుసు నిష్పత్తి 5.38 (చక్రం ఒకసారి తిరగడానికి షాఫ్టు 5.38 సార్లు తిరగాలి), టాప్ గేరులో 60 వేగానికి ఇంజను పాత టైరుతో నిమిషానికి సుమారు 2,340 సార్లు తిరిగితే, కొత్త దానితో 2,180 లోపే. రహదారి మీద ఇది హాయిగానే ఉంటుంది. కొండ దారిలో మాత్రం ఇదివరకు రెండో గేరులో ఎక్కిన చోట మొదటి గేరు వేయవలసి వచ్చింది. స్పీడోమీటరు 60 చూపిస్తే నిజం 65 దగ్గర. తొమ్మిది అంగుళాల డ్రమ్ము బ్రేకులకు అదే నిష్పత్తిలో పట్టు తగ్గింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా తోటలను పడగొట్టినప్పుడు కూలిన కొబ్బరి మానుల సందుల్లోంచి దూరవలసి వచ్చింది. బయటికి పొడుచుకొచ్చిన ఆ వెడల్పు టైర్లలో ఒకదాని గోడను జీడి మోడు చీల్చింది. స్టెప్నీగా ఉన్నది పాత 6.00-16. దాన్ని వేసుకుని నాలుగు చక్రాల గేరు వాడటానికి వీల్లేదు, ఎందుకంటే ఈ జీపులో ముందు వెనక ఇరుసులను వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ వాటి మధ్య ఉండదు, చుట్టుకొలతలు తేడాగా ఉంటే గేర్లు ఒకదాన్నొకటి మెలిపెట్టుకుంటాయి. సరిగ్గా అవసరమైన వారంలో జీపు రెండు చక్రాల బండి అయింది.

2019లో 235/75 ఆర్15కు మారాను. దీని ఎత్తు లెక్క ప్రకారం 733 మిల్లీమీటర్లు, అంటే కంపెనీ టైరుకు దాదాపు సమానం. వెడల్పు 235 మిల్లీమీటర్లు గనక, ఆరు అంగుళాల రిమ్ము మీద, లోతు (రిమ్ములో బోల్టుల పళ్లెం ఎంత లోపలికి ఉందో) సరిగా చూసుకుంటే, పట్టీకి ఒక చిటికెన వేలు ఖాళీ మిగిలింది. ఆరు కంటే సన్నని రిమ్ముకు ఈ టైరు వేయకూడదు. అయిదు బోల్టుల వలయం 139.7 మిల్లీమీటర్లు, మారుతి జిప్సీదీ అదే కొలత, అందుకని పాత రిమ్ములు దొరకడం కష్టం కాదు, కాని నడిమి రంధ్రమూ లోతూ కొలిచి గాని డబ్బు ఇవ్వవద్దు. తారు రోడ్డు మీద ఈ టైర్లంత మెత్తగా, తిన్నగా ఈ జీపు ఎప్పుడూ నడవలేదు. మీ తిరుగుడు ఎక్కువగా రహదారి మీదే అయితే మరో ఆలోచన లేకుండా ఇవే తీసుకోండి. అదే రిమ్ముకు 215/75 కూడా సరిపోతుంది, కాని ఎత్తు 30 మిల్లీమీటర్లు తగ్గి ఇరుసు నడుమ గేర్లుండే ఉబ్బు రాళ్లకు తగులుతుంది.

ఇంత మెచ్చుకుని కూడా 2022లో తిరిగి 6.00-16కు వచ్చాను, ఈసారి నిజమైన జీపు టైర్లు, పెద్ద బటన్లవి (నేలను పట్టే రబ్బరు దిమ్మలవి), నాలుగున్నర అంగుళాల పాత రిమ్ముల మీద. మా తోట దారిలో వానాకాలమంతా పైన జానెడు ఎర్ర బురద, కింద గట్టి గరప నేల. వెడల్పు టైరు ఆ బురద మీద తేలి జారుతుంది, సన్నటి టైరు బురదను కోసుకుని కింది గరపను పట్టుకుంటుంది. స్టీరింగును మా నాన్నగారు డెబ్బై రెండేళ్ల వయసులో కూడా ఒంటి చేత్తో తిప్పగలుగుతున్నారు. లోపాలు లేకపోలేదు. రేడియల్ కావు గనక రాత్రంతా నిలబెడితే కింది భాగం చదునై, పొద్దున మొదటి రెండు మూడు కిలోమీటర్లు ధబధబ కొట్టుకుంటాయి. లారీల గాడిలో పడితే అటే లాగుతాయి.

ఇసుక మాత్రం వీటి బలం కాదు. బారువ తీరంలో ఒకసారి తేలడానికి గాలి 14 పౌండ్లకు దించాను. గాలి తగ్గిన టైరు రిమ్ము మీద జారి, తనతో ట్యూబునూ లాగింది, వాల్వు మొదలంటా తెగిపోయింది. ఇప్పుడు ట్యూబు టైరును ఇసుకలో కూడా 18 కంటే కిందికి దించను. రోడ్డు మీద ముందు 26, వెనుక 28 ఉంచుతాను.

ఈ సైజు జీపు టైర్లు నెమ్మదిగా అమ్ముడవుతాయి, షాపులో ఏళ్ల తరబడి పడి ఉంటాయి. గోడ మీది నాలుగంకెల ముద్రలో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. నాకు మొదట చూపించిన జత మీద 1116 అని ఉంది, అంటే అప్పటికే ఆరేళ్ల సరుకు. వద్దని చెప్పి, కొత్తవి తెప్పించే దాకా మూడు వారాలు ఆగాను. కొన్నది నాలుగు కాదు, అయిదు; స్టెప్నీ కూడా అదే సైజు, అదే బటను.