కార్డు గీకే బల్ల ఎక్కడుంది? న్యూయార్క్ నుంచి డెట్రాయిట్ దాకా తొమ్మిది రోజులు

న్యూజెర్సీలో ఒక క్లినిక్‌లో ఆహార సలహాలు చెప్పడం నా ఉద్యోగం. షుగరున్నవాళ్ళు, బీపీ ఉన్నవాళ్ళు వస్తే కాగితం మీద పళ్ళెం బొమ్మ గీసి, ఇందులో సగం కూరగాయలుండాలని చూపిస్తాను. పోయిన ఏడాది ఒకావిడ ఆ బొమ్మ కేసి చాలాసేపు చూసి, "మరి ఇవి ఎక్కడ కొనుక్కోమంటారు?" అని అడిగింది. వాళ్ళ వీధి చివరి కొట్టులో దొరికేవి చిప్స్, సోడా, డబ్బా సూపులు, లాటరీ టికెట్లు. ఆకుకూర కావాలంటే చంకలో పిల్లాడిని వేసుకుని రెండు బస్సులు మారాలి. ఏం చెప్పాలో నాకు తోచలేదు.

అందుకని ఆగస్టు చివర్లో తొమ్మిది రోజులు సెలవు పెట్టి, పేదలుండే పేటల్లో నడిచే రైతు సంతలు చూడ్డానికి వెళ్ళాను. శుక్రవారం న్యూయార్క్‌లో మొదలుపెట్టి ఆ పై శనివారం డెట్రాయిట్‌లో ముగించాను. ఇలా తిరగాలనుకునేవాళ్ళు ముందుగా తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఇవి ఎక్కువగా వారానికి ఒక్క రోజే, కొన్ని గంటలే ఉంటాయి. కాబట్టి టికెట్లు చూసుకుని కాదు, వారాలు చూసుకుని ప్రయాణం వేసుకోవాలి.

న్యూయార్క్‌లో హోటలు నా వల్ల అయ్యే ఖర్చు కాదు. 2023 సెప్టెంబరు నుంచి ఆ ఊళ్ళో ముప్ఫై రోజుల లోపు ఇల్లు అద్దెకివ్వాలంటే యజమాని నగరంలో నమోదు చేయించుకోవాలి, అతిథులున్నన్నాళ్ళూ తనూ అదే ఇంట్లో ఉండాలి. నేను బ్రూక్లిన్‌లో అలాంటి ఇంట్లో ఒక గది తీసుకున్నాను. లిఫ్టు లేదు, మూడో అంతస్తు. ఏసీ రాత్రంతా గుర్రుమంటూనే ఉంది. కానీ వంటింట్లో నాకంటూ ఒక పొయ్యి, ఫ్రిజ్‌లో ఒక అర ఇచ్చారు. కూరగాయలు చూడ్డానికి వచ్చినదానికి అంతకంటే ఏం కావాలి? మెత్తటి పరుపు కంటే ఆ పొయ్యే నాకు ఎక్కువ పనికొచ్చింది.

శుక్రవారం యూనియన్ స్క్వేర్. ఈ ఊళ్ళో 1976లో మొదలైన, గ్రీన్‌మార్కెట్లనే రైతు సంతల్లో పేరున్నది ఇదే. సోమ, బుధ, శుక్ర, శనివారాల్లో ఉంటుంది. అందంగా ఉంటుంది, జనం కిటకిటలాడుతూ ఉంటారు, ఒక్కో టమాటాకూ ఒక్కో పేరు. ఫుడ్ స్టాంపు కార్డు, అంటే పేదలు తిండి సరుకులు కొనుక్కోవడానికి ప్రభుత్వం డబ్బు వేసి ఇచ్చే కార్డు, ఇక్కడా తీసుకుంటారు. కానీ చుట్టుపక్కల నడిచి వెళ్ళేంత దూరంలో మంచి కిరాణా దుకాణాలు ఎన్నో ఉన్నాయి. ఈ సంత లేకపోతే ఇక్కడెవరూ పస్తుండరు. గంటలో చూసేసి బయటపడ్డాను.

అసలు చూడాల్సింది శనివారం చూశాను, బ్రూక్లిన్ తూర్పు కొసన ఉన్న ఈస్ట్ న్యూయార్క్‌లో. నా గది నుంచి 3వ నంబరు రైలు నేరుగా వెళ్తుంది. మన్‌హట్టన్‌లో యూనియన్ స్క్వేర్ వైపు నుంచి వచ్చేవాళ్ళు 4 ఎక్కి యూటికా ఎవెన్యూలో 3కి మారాలి. కొంత దూరం పోయాక రైలు సొరంగంలోంచి పైకొచ్చి వంతెన మీద పరుగెడుతుంది. వాన్ సిక్లెన్ ఎవెన్యూలో దిగి కాస్త నడిస్తే షెంక్ ఎవెన్యూ మీద గుడారాలు కనిపిస్తాయి. 'ఈస్ట్ న్యూయార్క్ ఫార్మ్స్' పేరుతో ఇక్కడివాళ్ళు 1998 నుంచి నడుపుతున్న పని ఇది. పక్కనే చిన్న పొలం ఉంది, అందులో ఆ పేట హైస్కూలు పిల్లలు పనిచేస్తారు. ఊరవతలి రైతులు తెచ్చే సరుకు ఒక వరస, పేటలోనే ఖాళీ స్థలాల్లో తోటలు వేసుకున్నవాళ్ళు తెచ్చేది ఇంకో వరస.

ఆ రెండో వరసలో ఒక జమైకా పెద్దావిడ బల్ల ముందు నా కాళ్ళు ఆగిపోయాయి. ఆమె ముందున్నది తోటకూర. కాడ కొద్దిగా ఎర్రబారి, ఆకు వెడల్పుగా, వేళ్ళకి మట్టి అంటుకుని ఉంది. అట్ట మీద మాత్రం 'కాలలూ' అని రాసి ఉంది. కాడ విరిచి వాసన చూస్తే సందేహమే లేదు. మీరు ఎలా వండుతారని అడిగితే ఉల్లిపాయ, వెల్లుల్లి, టోపీలా ఉండి మండిపోయే ఆ స్కాచ్ బానెట్ మిరపకాయ వేసి మగ్గిస్తానంది. నేనైతే పప్పులో వేస్తానన్నాను. "పప్పులోనా!" అని ఆశ్చర్యపోయి, పక్క బల్ల ఆవిణ్ణి పిలిచి మరీ చెప్పింది. ఆ పక్కావిడ ట్రినిడాడ్ మనిషి. వాళ్ళకి కాలలూ అంటే చేమ ఆకట, అసలైన కాలలూ మాదేనని ఇద్దరూ వాదించుకున్నారు. రెండు బల్లల అవతల ఒక బంగ్లాదేశ్ కుటుంబం కాకరకాయలు, బారు చిక్కుళ్ళు అమ్ముతోంది. పెద్ద దుకాణాలు ఈ పేటలోకి రావడానికి జంకుతాయి, వచ్చినా ఈ ఆకు తేవు. తమ వంటింట్లో పనికొచ్చే ఆకు తమ వీధిలో దొరకడం వేరు, ఎవరో ఆరోగ్యానికి మంచిదని చెప్పిన ఆకు దొరకడం వేరు. నేను ఇన్నేళ్ళుగా గీస్తున్న పళ్ళెంలో బ్రోకలీ బొమ్మే ఉంటుంది. అది చూసి ఆ క్లినిక్ ఆవిడకు ఏమనిపించి ఉంటుందో అక్కడ అర్థమైంది.

ఇక కార్డు గీకే బల్ల సంగతి. సంతలోకి అడుగుపెట్టగానే ఎదురయ్యే మొదటి గుడారం అదే. ఫుడ్ స్టాంపులు ఒకప్పుడు కాగితాలు. ఏ రైతైనా తీసుకుని జేబులో వేసుకునేవాడు. 2004 నాటికి అన్ని రాష్ట్రాల్లోనూ ఆ కాగితాలు పోయి కార్డులొచ్చాయి. ఆరుబయట గుడారంలో అమ్ముకునే రైతుకి కరెంటూ లేదు, ఫోను తీగా లేదు. కార్డు గీకే మిషను ఎక్కడ పెట్టుకుంటాడు? అలా పేదలకీ రైతు సంతలకీ మధ్య దారి మూసుకుపోయింది. దాన్ని మళ్ళీ తెరిచిన ఉపాయమే ఈ బల్ల. సంత మొత్తానికి ఒకే మిషను ఉంటుంది. అక్కడ కార్డు గీకించుకుంటే ఆ విలువకి చెక్క బిళ్ళలో కూపన్లో ఇస్తారు. వాటితో ఏ రైతు దగ్గరైనా కొనుక్కోవచ్చు. సాయంత్రం రైతులు ఆ బిళ్ళలు లెక్కపెట్టి ఇచ్చి సంత నడిపేవాళ్ళ దగ్గర డబ్బు తీసుకుంటారు. వేడివేడి తిండి ఈ బిళ్ళలతో రాదు. కానీ తినే మొక్కల విత్తనాలు, నారు కొనుక్కోవచ్చు. ఇది చాలామందికి తెలియదు. నాకూ తెలియదు.

న్యూయార్క్‌లో దీనికి తోడు 2005 నుంచి హెల్త్ బక్స్ ఉన్నాయి. అవి రెండు డాలర్ల కూపన్లు. కార్డు మీద రెండు డాలర్లు ఖర్చుపెడితే ఇంకో రెండు డాలర్లవి చేతిలో పెడతారు, రోజుకు పది డాలర్ల దాకా. పళ్ళకి, కూరగాయలకి మాత్రమే చెల్లుతాయి. ఆ బల్ల దగ్గర కూర్చున్నది ఆ పేట అమ్మాయే, పద్దెనిమిదేళ్ళుంటాయేమో. మొదటిసారి వచ్చిన ఒక పెద్దాయనకి మూడుసార్లు విడమర్చి చెప్పింది, గొంతు తగ్గించి. ఫుడ్ స్టాంపులు తీసుకుంటున్నట్టు పదిమందికీ వినబడడం ఎవరికి ఇష్టం ఉంటుంది? ఆ అమ్మాయికి ఈ సంగతి ఎవరూ నేర్పి ఉండరు.

ఈ బల్ల పనిచేయకపోతే ఏమవుతుందో మర్నాడే చూశాను. అది ఇంకొక చిన్న సంత, పేరు రాయను. మిషనుకి సిగ్నల్ అందడం లేదు. ఒక తల్లి అప్పటికే పీచ్ పళ్ళు, మొక్కజొన్న పొత్తులు ఏరి సంచిలో వేయించుకుంది. కార్డు పని చేయదన్నారు. కాగితం మీద రాసుకుని, ఫోను చేసి అనుమతి తీసుకునే పద్ధతి ఒకటుంది. దాని ఊసు అక్కడున్నవాళ్ళు ఎత్తనే లేదు. ఆమె సంచిలోంచి పళ్ళు ఒక్కొక్కటే తీసి బుట్టలో మళ్ళీ సర్దింది, కింద పడేస్తే దెబ్బ తింటాయన్నట్టు మెల్లగా. కూడా ఉన్న పాప చివరి పండు వదల్లేదు. రైతు అది ఉంచుకోమన్నాడు. ఆమె ఇంకోసారి ఆ సంతకి వస్తుందా? మిషను చెడిపోవడం ఎక్కడైనా జరిగేదే. చెడితే ఏం చేయాలో ఒక్క మనిషికైనా తెలిసి ఉండాలి.

మంగళవారం ఆమ్‌ట్రాక్ రైల్లో వాషింగ్టన్. మూడున్నర గంటల ప్రయాణం, ముందుగా కొంటే టికెట్ బాగా తక్కువకి వస్తుంది. యూనియన్ స్టేషన్‌లో దిగి రెడ్ లైన్‌లో ఫోర్ట్ టాటన్, అక్కడ గ్రీన్ లైన్‌కి మారి కాలేజ్ పార్క్. విశ్వవిద్యాలయం పక్క రోడ్డు మీద ఒక మామూలు మోటెల్‌లో దిగాను. గది శుభ్రంగా ఉంది, చిన్న ఫ్రిజ్ ఉంది, చెప్పుకోవడానికి మరేం లేదు. మర్నాడు బస్సులో టకోమా-లాంగ్లీ క్రాస్‌రోడ్స్ చేరాను. పర్పుల్ లైన్ రైలు పనుల కోసం తవ్విన రోడ్డు పక్కన, ఎండలో, పిల్లల బండ్లు తోసుకుంటూ వెళ్తున్న తల్లుల వెనకే నేనూ నడిచాను. సంత ఎక్కడుందని ఎవర్నీ అడగనక్కర్లేకపోయింది.

క్రాస్‌రోడ్స్ సంత 2007లో మొదలైంది. పేదల కార్డుకి జత డబ్బు కలిపి ఇవ్వడమన్న ఆలోచనని ఈ దేశంలో అందరికంటే ముందు ఆచరణలో పెట్టినవాళ్ళలో వీళ్ళున్నారు. చుట్టుపక్కల ఎక్కువమంది ఎల్ సాల్వడార్, గ్వాటెమాలా నుంచి వచ్చినవాళ్ళు. అట్టల మీద ముందు స్పానిష్, తర్వాత ఇంగ్లీషు. బల్ల దగ్గర కూర్చున్నావిడ ఒకే వాక్యంలో రెండు భాషలూ మాట్లాడుతోంది. అమ్మేవాళ్ళలోనూ చాలామంది వలస వచ్చినవాళ్ళే. ఒక గంపలో వెర్దొలాగా అని కనిపించింది. దగ్గరికి వెళ్తే మన గంగవాయిలి కూర! బొద్దు ఆకు, ఎర్ర కాడ. రెండు కట్టలు కొన్నాను. మోటెల్ గదిలో వండే వీలు లేక పచ్చిగానే ఉప్పు, నిమ్మరసం కలుపుకుని తిన్నాను.

బుధవారం పగటిపూట సంత పెడితే ఎవరొస్తారనుకున్నాను. శని, ఆదివారాల్లో పనికి పోయేవాళ్ళు, రాత్రి పనులు చేసేవాళ్ళు, చంటిపిల్లల తల్లులు వచ్చారు. ఇక్కడి ఇళ్ళకి వారం మధ్యే వీలు. ఊరంతటికీ సెలవు రోజు అందరికీ సెలవు కాదు. ప్రభుత్వ తల్లీబిడ్డల ఆహార పథకం (WIC) కింద వేసవిలో వచ్చే రైతు సంత కూపన్లు కూడా చాలామంది చేతుల్లో కనిపించాయి. అవి మనిషికి ఏడాదికి పది నుంచి ముప్ఫై డాలర్లే అయినా, వాటి కోసమే మొదటిసారి వచ్చి, ఆ తర్వాత వదలకుండా వస్తున్నవాళ్ళని ఇద్దర్ని కలిశాను. లోటు చెప్పాలంటే కూర్చునే చోటు తక్కువ, నీడ ఇంకా తక్కువ. ముసలివాళ్ళకి కష్టం. అయినా తొమ్మిది రోజుల్లో నా మనసుకి బాగా నచ్చిన సంత ఇదే.

డెట్రాయిట్‌కి విమానం. నోవైలో మా చెల్లి ఇల్లు ఉంది కాబట్టి బస ఖర్చు లేదు. "అక్కా, సెలవు పెట్టుకుని కూరగాయలు చూస్తావా?" అని మొదట విసుక్కుంది, శనివారం తనే కారు తీసింది. శుక్రవారం వుడ్‌వర్డ్ ఎవెన్యూ మీద 2024లో తెరిచిన డెట్రాయిట్ పీపుల్స్ ఫుడ్ కోఆప్‌కి వెళ్ళాం. నల్లజాతివాళ్ళ నాయకత్వంలో, సభ్యులే యజమానులుగా నడిచే కిరాణా. సంత వారానికోసారి, దుకాణం రోజూ. ఈ రెండూ ఒకదానికొకటి పోటీ కాదు. మంగళవారం ఉల్లిపాయ అయిపోతే శనివారం దాకా ఎవరు ఆగుతారు?

ఈస్టర్న్ మార్కెట్ 1891 నుంచి అదే చోట ఉంది. పొడవాటి షెడ్లు, వేలమంది జనం, గోడల మీద పెద్ద పెద్ద రంగుల బొమ్మలు. శనివారం సంత ఏడాది పొడుగునా ఉంటుంది, మంచులో కూడా. మరుగుదొడ్లు, కూర్చునే చోట్లు, చుట్టూ తినడానికి కొట్లు, సౌకర్యాల్లో మిగతావేవీ దీని దరిదాపులకి రావు. ఒక జాగ్రత్త మాత్రం చెప్తాను. ఇక్కడ అమ్మేవాళ్ళంతా పండించినవాళ్ళు కాదు, టోకున కొని తెచ్చి అమ్మేవాళ్ళూ ఉన్నారు. అరటిపళ్ళు, మామిడిపళ్ళు కనబడ్డ బల్ల ఆ కోవలోదే. తక్కువ ధరకి దొరుకుతుంది, అదీ అవసరమే. కానీ రైతు చేతి సరుకు కావాలంటే అడిగి కొనండి. ఊళ్ళోని చిన్న చిన్న తోటలవాళ్ళంతా కలిసి అమ్మే 'గ్రోన్ ఇన్ డెట్రాయిట్' బల్ల వెతుక్కుని వెళ్ళండి.

మిషిగన్‌లో ఫుడ్ స్టాంపు కార్డుని బ్రిడ్జ్ కార్డు అంటారు. దానికి జత ఇచ్చే డబుల్ అప్ ఫుడ్ బక్స్ 2009లో ఈ ఊళ్ళోనే మొదలై ఎన్నో రాష్ట్రాలకి పాకింది. బల్ల దగ్గర వరస పెద్దదే, చకచకా కదులుతోంది. నా ముందున్న ముసలాయన బిళ్ళలు రెండు జేబుల్లో వేరువేరుగా వేసుకుని, వాటితో కాలర్డ్ ఆకుకూర నారు కొన్నాడు. ఆరు మొక్కలు. పెరట్లో నాటితే మంచు పడేదాకా కోసుకోవచ్చన్నాడు. ఎలా వచ్చారని అడిగాను. రెండు బస్సులట. నారుకి గాలి తగలకుండా అట్టపెట్టెలో పెట్టుకుని బస్సు స్టాపు వైపు నడిచాడు. చెల్లి కారు పక్కనే ఉంది. దింపుతామంటే, అలవాటేనని చెయ్యి ఊపాడు. ఇంత గొప్ప సంత కూడా ఊరి మధ్యలో ఉంటే చాలదు. ఈస్టర్న్ మార్కెట్‌వాళ్ళు వేసవిలో పేటల్లోకి చిన్న బల్లలు పంపుతున్నది అందుకే.

తిరిగొచ్చాక ఆ క్లినిక్ ఆవిడ కోసం వెతికాను. వాళ్ళ ఇంటికి పదిహేను నిమిషాల నడక దూరంలో ఒక రైతు సంత ఉంది, కార్డు తీసుకుంటారు, జత డబ్బు కూడా ఇస్తారు. గురువారం మధ్యాహ్నం రెండు నుంచి ఆరు. ఫోను చేసి చెప్పాను. ఆవిడ సంతోషించి, తను పని దిగేది ఆరింటికని చెప్పింది. ఆ సంత నడిపేవాళ్ళకి ఉత్తరం రాశాను, ఒక్క గంట పొడిగించగలరా అని. వచ్చే గురువారం వాళ్ళని కలవడానికి వెళ్తున్నాను.