థర్టీ-ఓ-సిక్సా, త్రీ-ఓ-ఎయిటా: వేటకు ఏది మేలు?

అమెరికాలో జింకల వేట సీజను దగ్గర పడిందంటే తుపాకుల దుకాణాల్లో పాత పంచాయితీ మళ్లీ మొదలవుతుంది. కొత్తగా రైఫిల్ కొనేవాడు .30-06 వైపు మొగ్గాలా, .308 వైపా? రెండూ సైన్యంతో ముడిపడిన తూటాలే. రెండింటి గుండూ ఒకే లావు, సుమారు 7.8 మిల్లీమీటర్లు.

వయసులో పెద్దది .30-06. అమెరికా సైన్యం 1906లో చేపట్టిన ఈ తూటా రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ, కొరియాలోనూ పేలింది. యుద్ధంలో చేతికి అలవాటైనదాన్నే ఇంటికి తిరిగొచ్చిన సైనికులు అడవిలోనూ నమ్ముకున్నారు. వించెస్టర్, రెమింగ్టన్ కంపెనీలు దానికి సరిపడే వేట రైఫిళ్లు చేశాయి. ఊరి దుకాణంలో ఇంకేది లేకపోయినా ఆ తూటాల పెట్టె ఉంటుందన్న పేరు అలా స్థిరపడింది.

.308ను వించెస్టర్ 1952లో తెచ్చింది. దాని సైనిక రూపమే నాటో వాడే 7.62×51. తుపాకి మందు మెరుగుపడటంతో, .30-06లో మందు నింపే 63 మిల్లీమీటర్ల ఇత్తడి గొట్టం చేసే పనిని .308లోని 51 మిల్లీమీటర్ల గొట్టం దాదాపుగా చేసేసింది. 150 గ్రెయిన్లు, అంటే 9.7 గ్రాముల గుండు .308లో సెకనుకు సుమారు 860 మీటర్ల వేగంతో, .30-06లో 887 మీటర్ల వేగంతో వెళ్తుంది. ఆ తేడా జింకకు తెలియదు, తుపాకి వెనక్కి తన్నినప్పుడు వేటగాడి భుజానికి మాత్రం తెలుస్తుంది. .308 తూటా పొట్టిది కావడంతో, తూటాను లోపలికి ఎక్కించే బోల్టును లాగాల్సిన దూరమూ తగ్గుతుంది, రైఫిల్ కాస్త తేలికవుతుంది.

అందుకే తెల్లతోక జింకల కోసమే కొనేవారికి నా ఓటు .308కే. అలాస్కాలో మూస్ అనే భారీ జింక, గోధుమరంగు ఎలుగుబంటి అంటే లెక్క మారుతుంది. 200, 220 గ్రెయిన్ల పొడవాటి గుండు తోక .308 గొట్టంలోకి దిగి మందు చోటును తినేస్తుంది. పెద్ద గొట్టానికి ఆ ఇబ్బంది తక్కువ. నూటపాతికేళ్లకు చేరువవుతున్నా .30-06 నిలిచి ఉండటానికి సెంటిమెంటు ఒక్కటే కారణమని కొట్టిపారేసేవారు ఈ సంగతి మరుస్తారు.

ఇంట్లో తాతగారి .30-06 బోల్ట్ రైఫిల్ మంచి స్థితిలో ఉంటే కొత్తది కొనడం దండగే. అది గ్యాస్ ఒత్తిడితో తనంతట తానే తూటా ఎక్కించుకునే పాత సైనిక రైఫిల్ ఎం1 గ్యారండ్ అయితే మాత్రం ఇప్పటి బరువైన వేట తూటాలు పెట్టకండి. గ్యాస్ ఒత్తిడికి, బోల్టును కదిలించే దాని ఆపరేటింగ్ రాడ్ వంగిపోవచ్చు. గ్యారండ్‌కు తగినవని పెట్టె మీద రాసి ఉన్న తూటాలే కొనండి.