సవరణ చాలా, పేపరే వెనక్కి తీసుకోవాలా?

అచ్చయిన ఒక పరిశోధన పేపర్‌లో తప్పు దొరికిందనుకోండి: పట్టికలో 0.05 బదులు 0.5 పడింది, సరిచేసి చూస్తే ఫలితం మారలేదు. అలాంటప్పుడు సవరణ ప్రకటన చాలు. తప్పును తామే ఒప్పుకున్నవాళ్లను దోషుల్లా చూడకూడదు.

డేటానే నమ్మలేనప్పుడు మాత్రం ఉపసంహరణే దారి. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాను ఆటిజంతో ముడిపెట్టిన పేపర్‌ను లాన్సెట్ అనే వైద్య జర్నల్ 1998లో వేసింది. 2004లో 10 మంది సహరచయితలు టీకాకు, ఆటిజానికి ముడిపెట్టిన ఆ వ్యాఖ్యానాన్ని మాత్రమే వెనక్కి తీసుకున్నారు. పేపర్ అలాగే ఉండిపోయింది. పూర్తి ఉపసంహరణ 2010లో గానీ రాలేదు. ఆ 12 ఏళ్లలో ఎందరు తల్లిదండ్రులు టీకా అంటే భయపడ్డారో తలచుకుంటే బాధేస్తుంది.

ఉపసంహరించినా పేపర్‌ను సాధారణంగా చెరిపేయరు. పేజీల మీద అడ్డంగా ‘రిట్రాక్టెడ్’ (వెనక్కి తీసుకున్నాం) అని ముద్ర వేసి, కారణం చెప్పే నోటీసు జతచేస్తారు. పాత కాపీ దాచుకున్నవాళ్లకు ఆ ముద్ర కనబడదు. ఉదహరించే ముందు జర్నల్ పేజీ ఒకసారి తెరిచి చూడండి.