కొనే ముందు సెకండ్ ఒపీనియన్: స్లాబ్, గ్రీన్ స్టిక్కర్, ఇంకో డీలర్... దేనికి ఎన్ని మార్కులు

కాస్త ఖరీదైన పాత నాణెం కంటబడితే వెంటనే కొనేయాలని మనసు లాగుతుంది, ఎవరికైనా చూపించి అడుగుదామంటే ఈలోపు చేజారిపోతుందేమోనని టెన్షన్, పైగా అమ్మేవాడు ఏమనుకుంటాడోనని మొహమాటం. ఆ మొహమాటం అక్కర్లేదు. ఇంకొకరికి చూపించుకుంటానంటే మంచి డీలరెవరూ నొచ్చుకోడు, నొచ్చుకున్నాడంటే ఆ బేరం వదిలేసుకోవడమే మేలు. అయితే అడగడానికీ ఒక పద్ధతి ఉంది, అది తెలియకే చాలామంది ఉన్న పరిచయాలు చెడగొట్టుకుంటున్నారు.

ముందు గ్రేడింగ్ కంపెనీలు. అమెరికాలో పీసీజీఎస్ 1986లో, ఎన్‌జీసీ 1987లో పని మొదలుపెట్టాయి. నాణెం పంపితే అసలుదా నకిలీదా చూసి, 1 నుంచి 70 దాకా ఉండే షెల్డన్ స్కేలు మీద గ్రేడు వేసి, ప్లాస్టిక్ డబ్బాలో సీల్ చేసి ఇస్తారు. అదే స్లాబ్. అమ్మేవాడి లాభంతో గానీ మన ముచ్చటతో గానీ పనిలేని మనిషి చూస్తాడు చూడండి, అందుకే దీనికి 5కి 4 ఇస్తాను. తోమిన నాణేల దగ్గర ఈ సేవ మరీ అక్కరకొస్తుంది. ముద్ర పడ్డాక చెయ్యి తగలని వెండి నాణేన్ని దీపం కింద మెల్లగా వంచితే వెలుగు చక్రంలా తిరుగుతుంది. తోమినదైతే ఆ తిరుగుడు పోయి, వెంట్రుకల్లాంటి సన్న గీతలు ఒకే వైపుకి వరుసగా కనబడతాయి, ఫోటోలో మాత్రం రెండూ ధగధగలాడుతూనే ఉంటాయి. తోమినవాటికి గ్రేడు నంబరు ఇవ్వకుండా ‘డీటెయిల్స్’ అని రాసి పంపేస్తారు. ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, స్లాబ్‌లకి కూడా నకిలీలు వస్తున్నాయి. సర్టిఫికెట్ నంబరు కంపెనీ సైటులో కొట్టి చూసుకున్నా సరిపోదు, అసలు నంబరునే కాపీ కొడతారు కాబట్టి, అక్కడ ఫోటో ఉంటే మచ్చ మచ్చా పోల్చుకోవాల్సిందే.

సీఏసీ అనే ఇంకో అమెరికన్ కంపెనీ వచ్చింది 2007లో. ఇదైతే సెకండ్ ఒపీనియన్ మీద సెకండ్ ఒపీనియన్. స్లాబ్‌లో ఉన్న నాణేన్ని మళ్లీ చూసి, వేసిన గ్రేడుకి నిఖార్సుగా తగినదైతే గ్రీన్ స్టిక్కర్, ఇంకా పై గ్రేడుకే తగినదనిపిస్తే గోల్డ్ స్టిక్కర్ అంటిస్తారు. అమెరికన్ నాణేలు సేకరించేవాళ్లకి బాగుంది, మిగతావాళ్లకి దీంతో పని పడదు. స్టిక్కర్ లేనంత మాత్రాన నాణెం పనికిరానిదని కాదు, అసలు అక్కడికి పంపి ఉండకపోవచ్చు. ఆ వంకతో ధర తగ్గించమని డీలర్ని సతాయించడం మాత్రం బాగోదు.

ఇక అనుభవమున్న మనిషిని అడగడం. నా లెక్కలో దీనికే ఎక్కువ మార్కులు, ఎందుకంటే ‘ఈ ధరకి ఇది కొనొచ్చా’ అన్నదానికి ఏ స్లాబూ జవాబు చెప్పదు. 1893-ఎస్ మోర్గాన్ డాలర్‌నే తీసుకోండి, అంటే 1893లో శాన్ ఫ్రాన్సిస్కో టంకశాలలో కొట్టిన అమెరికన్ వెండి డాలర్, ‘ఎస్’ ఆ టంకశాల గుర్తు. కొట్టినవే 1,00,000, కాబట్టి ‘ఎస్’ లేని నాణేనికి వెనకవైపు ఆ అక్షరం అతికించి అమ్మేవాళ్లున్నారు. మనం భూతద్దం పెట్టి ఆ ఎస్‌నే తడుముతూ కూర్చుంటాం. తెలిసినవాడు నాణేన్ని తిప్పి, బొమ్మ తలకట్టు మీద లిబర్టీ అన్న మాటలో ‘టి’ పై గీతను చూస్తాడు. ఆ నాణేలన్నిటికీ ముందువైపు అచ్చు ఒక్కటే వాడారు కాబట్టి అసలువాటిలో అక్కడ ఒక సన్నని ఏటవాలు గీత ఉంటుంది. అది లేకపోతే ఎస్ ఎంత చక్కగా ఉన్నా దండగే.

అంత తెలిసినవాడి టైంకి విలువ ఇవ్వాలి. ఫీజు అడిగితే ఇవ్వండి, వద్దంటే ఎప్పుడైనా ఆయన దగ్గర ఏదో ఒకటి కొనండి. నాణెం ఎవరిది, ఎంత చెప్పాడు అన్నవి ముందే వాగేయకుండా ‘ఇందులో మీకేం కనబడుతోంది’ అని మాత్రం అడగండి. ధర వింటే చూపు మారిపోతుంది. ఒక డీలర్ నాణెం పట్టుకుని పక్క టేబుల్ దగ్గరికెళ్లి ‘మీరైతే ఎంతకిస్తారు’ అనడం మహా తప్పు, ఇద్దరి దగ్గరా మాట పోతుంది. బయటికి తీసుకెళ్లే ముందు అమ్మేవాడితోనే ‘చూపించుకుని ఎప్పటిలోగా తేవాలి’ అని తేల్చుకుని, ఆ గడువు దాటకుండా తెచ్చేయాలి. వేలంలో ఉన్నదైతే ఇంకా జాగ్రత్త, మీరు అడిగిన మనిషే ఆ నాణేనికి పాట పాడొచ్చు. ‘మీరు కూడా పాడుతున్నారా’ అని ముందే అడిగేస్తే గొడవుండదు, పాడుతున్నానంటే అక్కడితో ఆపేయండి. కొనేసి జేబులో పెట్టుకుని ‘కొనమంటారా’ అని అడిగేవాళ్లూ ఉన్నారు, వాళ్లకి కావాల్సింది శభాష్ అనిపించుకోవడం. బాగుందనే మాట దొరికేదాకా పదిమందిని అడిగే బాపతూ ఇంతే.

వద్దనుకుంటే వెనక్కిచ్చేటప్పుడు ‘ఫలానాయన నకిలీ అన్నాడు’ అని పేరు బయటపెట్టకండి. ‘నాకు నమ్మకం కుదరలేదండీ’ అంటే చాలు.