రెండున్నరేళ్ల పిల్లాడితో ఆదివారం: మాలా, భవానీ ద్వీపమా, మంగళగిరి రైలా, రైతు బజారా?

మేముండేది విజయవాడలో. మావాడికి రెండున్నరేళ్లు. వారమంతా ఆఫీసుతో సరిపోయే మావారికి ఆదివారం వాణ్ని ఎక్కడికైనా గట్టిగా తిప్పాలని ఉంటుంది, అత్తయ్యకేమో ఈ ఎండలో పసివాణ్ని ఇంట్లో ఉండనివ్వండర్రా అని ఉంటుంది, నాకు మాత్రం వాడి మధ్యాహ్నం నిద్ర చెడకుండా ఉంటే చాలు. ఆర్నెల్లుగా ఒక్కో చోటికీ వెళ్లి చూశాక నేను ముందుగా చూసుకునేది ఒక్కటే అయింది. పిల్లాడు ఇక వద్దు అన్న నిమిషంలో మనం వెనక్కి తిరగగలమా? ఆ చోటు ఎంత బాగుంటుంది, ఎంత ఖర్చు అన్నవి ఆ తర్వాతే.

మాల్ సంగతి ముందు. రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండలో, మాకు మాల్ తప్ప వేరే దారి కనబడలేదు. చల్లగా ఉంటుంది, బాత్రూములు శుభ్రంగా ఉంటాయి, పిల్లల ఆటల గదిలో బంతుల గుంట, మెత్తటి జారుడుబల్ల ఉంటాయి. గంటకింత అని టికెట్టు, సాక్సులు ఇంటి నుంచే తీసుకెళ్లాలి. వెనక్కి తిరగడమూ తేలికే, లిఫ్టు ఎక్కి దిగితే రోడ్డు మీద ఉంటాం. కానీ అక్కడ వాడు తనంతట తాను చాలు అనడు. ఆ లైట్లు, పాటల మోత, పెద్దపిల్లల అరుపుల మధ్య వాడికి అలుపే తెలియదు, గంట అయిందని మనం ఎత్తుకుంటే నేల మీద పడి దొర్లుతాడు, ఇంటికొచ్చి పడుకున్నాక కూడా ఉలిక్కిపడి లేస్తాడు. మూడుసార్లు వెళ్తే మూడుసార్లూ ఇదే. అందుకే మాల్ ఇప్పుడు మాకు మే నెల మధ్యాహ్నాలకీ, ముసురు పట్టిన రోజులకీ మాత్రమే.

భవానీ ద్వీపం నాకు చాలా ఇష్టమైన చోటు. కృష్ణ మధ్యలో 133 ఎకరాల పచ్చదనం, చుట్టూ నీళ్లు, అవతల కొండలు. ఫిబ్రవరిలో వెళ్లాం. పడవ కదలగానే వాడు "నీళ్లు, నీళ్లు" అని ఆపకుండా కేకలు పెడుతుంటే మావారి మొహం చూడాలి, అంత సంతోషం. కానీ పదకొండున్నరకి వాడికి ఆవులింతలు మొదలయ్యాయి. ఇంట్లో అయితే పెరుగన్నం తినిపించి పడుకోబెట్టే వేళ. ద్వీపం అంటేనే పడవ వచ్చేదాకా ఆగాలి కదా, ఆ తర్వాత ఘాటు, ఘాటు నుంచి ఆటో, అమ్మవారి కొండ కింద ఆదివారం రద్దీ, పటమటలో మా ఇంటికి చేరేసరికి రెండయింది. దారంతా ఏడ్చాడు, ఇంటికొచ్చాక అన్నం ముట్టలేదు. తప్పు ఆ చోటుది కాదు, వాడి వయసుకి అది పెద్ద ప్రయాణం, అంతే. వెళ్లాలనుకునేవాళ్లు చలికాలంలో, తొమ్మిదింటికల్లా పడవ ఎక్కేలా వెళ్లండి, లైఫ్ జాకెట్ చిన్నపిల్లల సైజు అడిగి తీసుకోండి, పెద్దవాళ్లది తొడిగి సరిపెట్టొద్దు. వరద రోజుల్లో పడవలు ఆపేస్తారు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చిన నీళ్లు చూసిన మనకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు.

మాకు అనుకోకుండా దొరికింది మంగళగిరి రైలు. గుంటూరు వైపు వెళ్లే ప్యాసింజర్ ఎక్కడం, మంగళగిరిలో దిగడం. అయిదేళ్లలోపు పిల్లలకి టికెట్టు అక్కర్లేదు, మన ఇద్దరి టికెట్లు ఆటో ఖర్చు కన్నా తక్కువ. విజయవాడ స్టేషన్లో 10 ప్లాట్‌ఫాంలు, ఎటు చూసినా ఏదో ఒక రైలు వస్తూనో పోతూనో ఉంటుంది, మావాడికి అక్కడే సగం పండగ. బెజవాడ దాటగానే వంతెన మీద కుడివైపు కిటికీ పట్టుకోండి, ప్రకాశం బ్యారేజీ బారుగా కనబడుతుంది. 70 గేట్లలో వాడికి "ఒకటి, రెండు, అయిదు" వరకే వచ్చు, అవే మళ్లీ మళ్లీ లెక్కపెడతాడు. మంగళగిరిలో దిగి కొండ కింద గుళ్లో 11 అంతస్తుల గాలిగోపురం చూపించి, ఓపిక ఉంటే ఆటోలో కొండ మీదికి. పానకాల స్వామికి ఎంత పానకం పోసినా సగమే తాగి సగం మనకి వదిలేస్తాడని నమ్మకం కదా, ఆ ప్రసాదం మిరియాల ఘాటుకి వాడు మొహం చిట్లించి కూడా ఇంకా కావాలని చెయ్యి చాపాడు. వెనక్కి తిరగడం మాత్రం రైలు టైం మీద ఆధారపడింది. అయితే బస్సులు, షేర్ ఆటోలు ఎప్పుడూ ఉంటాయి, కాబట్టి చిక్కుకుపోయామన్న టెన్షన్ ఉండదు. నెలకోసారికి దీన్ని మించింది నాకు కనబడలేదు.

గుంటూరులో ఉండే మా చెల్లి ఉప్పలపాడు చెరువుల దగ్గరికి తీసుకెళ్తుంది వాళ్ల పాపని. చెట్ల నిండా కొంగలు, గూడబాతులు, ఊరికి దగ్గర, అరగంట చూసి వచ్చేయొచ్చు. గుంటూరు వాళ్లకి నేను అదే చెప్తాను.

ఇక రోజూ వెళ్లేది రైతు బజారు. దీన్ని ఎవరూ షికారు అనుకోరు, నేనూ అనుకోలేదు. పొద్దున్న ఏడింటికి కూరగాయలకి వెళ్తూ వాణ్ని ఇంట్లో వదల్లేక తీసుకెళ్లడంతో మొదలైంది. గుడ్డసంచి ఒక చెవి వాడు పట్టుకుంటాడు. కాటాలో దోసకాయలు వేస్తుంటే కళ్లార్పకుండా చూస్తాడు, ములక్కాడ ఒకటి చేతికిస్తే ఇంటిదాకా కర్రలా పట్టుకుని నడుస్తాడు. ఎర్రది టమాటా, ఊదాది వంకాయ అని రంగులు వాడికి అక్కడే వచ్చాయి, నేను కూర్చోబెట్టి నేర్పింది లేదు. ఒక ముసలాయన వాడికి రోజూ ఒక కీరా ముక్క కోసిస్తాడు, డబ్బులిస్తే తీసుకోడు, వాడికి ఆయన "కీరా తాత". విసుగొస్తే పది నిమిషాల్లో ఇంట్లో ఉంటాం. ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లలు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాలు ఏదో ఒకరకంగా కదులుతూ ఆడుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, ఆదివారం ఒక్కరోజు నాలుగు గంటలు తిప్పితే ఆ లెక్క తీరదు. పొద్దున బజారు, సాయంత్రం వీధిలో పరుగులు, మేడ మీద మొక్కలకి నీళ్లు పోయడం, వీటితోనే మూడు గంటలు తెలియకుండా అయిపోతున్నాయి. రాత్రి తొమ్మిదికి వాడే వచ్చి ఒళ్లో పడుకుంటున్నాడు.

ఎక్కడికి వెళ్లినా బండి మీద అయితే ఒక మాట. 9 నెలల నుంచి 4 ఏళ్ల పిల్లలకి బండి నడిపేవాళ్లకి కలిపి కట్టే బెల్టు, హెల్మెట్ ఉండాలని, బండి 40 కిలోమీటర్ల వేగం దాటకూడదని 2022లో కేంద్రం నిబంధన తెచ్చింది. ముందు నిలబెట్టి తీసుకెళ్లడం మన ఊళ్లో అందరికీ అలవాటే, మేమూ చేశాం. బెంజి సర్కిల్ దగ్గర ఒకసారి సడన్ బ్రేక్ వేసినప్పుడు వాడి నుదురు హ్యాండిల్‌కి తగిలింది. ఆ సాయంత్రమే బెల్టు కొన్నాం.

కాబట్టి మా ఇంటి లెక్క ఇది: రోజూ రైతు బజారు, నెలకొక ఆదివారం మంగళగిరి రైలు, మరీ ఎండో వానో అయితే మాల్‌లో ఒక్క గంట. భవానీ ద్వీపాన్ని జనవరికి వాయిదా వేశాం, అప్పటికి వాడికి మూడు నిండుతాయి, మధ్యాహ్నం నిద్ర వేళ కూడా కాస్త ఆలస్యమవుతుంది. ఈసారి అత్తయ్య కూడా వస్తానన్నారు.