షికాగో గ్రంథాలయంలో బ్రౌణ్యం: ఏళ్ల తరబడి వాడిన అనువాదకుని మాట

పాత తెలుగు దస్తావేజులను ఇంగ్లిషులోకి మార్చడం నా పని. కంప్యూటర్ పెట్టగానే నేను తెరిచే మొదటి పుట షికాగో విశ్వవిద్యాలయ గ్రంథాలయం నడిపే డిజిటల్ సౌత్ ఏషియా లైబ్రరీ. చందా లేదు, సభ్యత్వం లేదు, ప్రకటనల గోల లేదు. చూడటానికి ఏ హంగూ లేని ఆ పుట నాకు అచ్చు నిఘంటువులన్నిటికన్నా ఎక్కువ అక్కరకొచ్చింది. తెలుగు కోసం వెళ్లేవారికి అక్కడ ప్రధానంగా ఉన్నవి మూడు: బ్రౌణ్యం (సి.పి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లిషు నిఘంటువు), గ్విన్ నిఘంటువు, మాటల పుట్టుక చెప్పే బరో–ఎమెనోల ద్రవిడ వ్యుత్పత్తి కోశం.

బ్రౌణ్యం అంటే అక్కడున్నది 1852 నాటి మొదటి కూర్పు కాదు, 1903లో వచ్చిన రెండో కూర్పు. ఎం. వేంకటరత్నం, డబ్ల్యు. హెచ్. కాంబెల్, కందుకూరి వీరేశలింగం కలిసి సవరించినది. “బ్రౌన్ ఇలా అన్నాడు” అని ధీమాగా రాసేవాళ్లను చూస్తే నాకు కొంచెం చిరాకు. ఆ వాక్యం బ్రౌన్‌దో, సవరించినవారిదో ఈ కూర్పు ఒక్కటే చూసి తేల్చలేం. ఏ కూర్పు నుంచి తీసుకున్నారో గ్రంథాలయం స్పష్టంగా రాసింది, ప్రతి ఆరోపానికీ (అంటే అర్థం చెప్పిన ప్రతి మాటకూ) అచ్చు పుట సంఖ్య ఇచ్చింది. నా వృత్తిలో అర్థం దొరకడం సగం పని. ఎక్కడ దొరికిందో చూపించడం మిగతా సగం. కోర్టులో దాఖలయ్యే అనువాదానికి “ఇంటర్నెట్‌లో చూశాను” అంటే చెల్లదు, పుట సంఖ్య ఉంటే చెల్లుతుంది. ఉచితంగా దొరికే నిఘంటువు యాప్‌లు చాలావాటిలో లేనిది ఇదే.

బ్రౌన్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. కడప, మచిలీపట్నం, రాజమండ్రి కచేరీల్లో రెవెన్యూ కాగితాలు, వ్యాజ్యాలు చూసినవాడు. అందుకే కౌలు, ముచ్చిలిక (ఒప్పంద పత్రం) వంటి మాటల దగ్గర ఆయనకు సాటి లేరు. హిందుస్తానీ నుంచి వచ్చిన మాటకు ఆ గుర్తు, సంస్కృతానికి మరో గుర్తు పక్కనే ఉంటాయి. అయితే కులాల గురించిన వివరణల్లో ఆ కాలపు దొరతనం కనిపిస్తుంది. వాటిని యథాతథంగా ఎత్తి రాయకూడదు.

ఎక్కువమంది పట్టించుకోని సదుపాయం ఒకటుంది. వెతికేటప్పుడు ఆరోపాల్లోనే కాక, వివరణ మొత్తంలోనూ వెతకమని అడగవచ్చు. బ్రౌన్ మొక్కలకు లాటిన్ పేర్లు కూడా ఇచ్చాడు కాబట్టి, రోమన్ లిపిలో అకేసియా అని కొడితే తుమ్మ, సండ్ర లాంటివి వరసగా వస్తాయి. ఆయుర్వేద వ్రాతప్రతుల మీద పనిచేసేవారికి ఇది పెద్ద సాయం. కాకపోతే ఆ లాటిన్ పేర్లు పాతవి. నల్లతుమ్మను ఇప్పుడు వాచెలియా నైలోటికా అంటున్నారు, కాబట్టి కొత్త వృక్షశాస్త్ర గ్రంథంతో సరిచూసుకోక తప్పదు.

జె.పి.ఎల్. గ్విన్ నిఘంటువు 1991లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురించినది. ఆయన మద్రాసు రాష్ట్రంలో పనిచేసిన ఐసీఎస్ అధికారి. పత్రికల తెలుగు, వాడుక తెలుగు కావాలంటే ఇదే. ఈ రెండు నిఘంటువుల మధ్యనే నా ఇబ్బంది. 1930ల నాటి ఉత్తరమో, సంఘం మినిట్స్ పుస్తకమో చేతికొస్తే, అందులోని మాట బ్రౌణ్యానికి మరీ కొత్తది, గ్విన్‌కు మరీ పాతది అవుతుంది. అప్పుడు తెలుగు–తెలుగు నిఘంటువైన సూర్యరాయాంధ్ర నిఘంటువు కోసం ఆంధ్రభారతి వెబ్‌సైటుకు పరుగెత్తాలి. తమిళానికి మద్రాసు విశ్వవిద్యాలయపు బృహత్ నిఘంటువు షికాగోలోనే ఉంది. మనకు మాత్రం తెలుగు–తెలుగు నిఘంటువు ఒక్కటీ అక్కడ నాకు కనబడలేదు. చూసినప్పుడల్లా కడుపు మండుతుంది.

వ్యుత్పత్తి కోశం (రెండో కూర్పు, 1984) పనికోసం తక్కువ, సరదాకోసం ఎక్కువ తెరుస్తాను. నీరు అని వెతికితే తమిళ, కన్నడాలతో ఆగక, బలూచిస్తాన్‌లో మాట్లాడే బ్రాహుయీలోని ‘దీర్’ దాకా తీసుకుపోతుంది. మరి గంట పనికి సెలవు.

ఈ సరంజామా అంతా షికాగోకు ఎందుకు చేరింది? దానికి గోధుమల కథ ఉంది. 1954 నాటి పీఎల్‌–480 చట్టం కింద అమెరికా మనకు ధాన్యం అమ్మి, సొమ్ము రూపాయల్లో తీసుకుంది. ఆ రూపాయల్లో కొంత భాగంతో 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఇక్కడే భారతీయ భాషల పుస్తకాలు కొని, అక్కడి విశ్వవిద్యాలయాలకు పంపింది. అలా వెళ్లిన తెలుగు పుస్తకాలు అక్కడ పదిలంగా ఉన్నాయి. అదే కాలపు పుస్తకాల కోసం మన వైపు ఒక గ్రంథాలయానికి వెళ్తే “ఆ గది తాళం ఎవరి దగ్గరుందో” అన్నారు.

షికాగోకు నేనెప్పుడూ వెళ్లలేదు. 2011లో అక్కడ తెరిచిన మాన్సుయేటో గ్రంథాలయం గురించి చదివాను. గాజు గుమ్మటం కింద, యాభై అడుగుల లోతున, 35 లక్షల సంపుటాలు పట్టే గిడ్డంగి. పుస్తకాలను విషయం బట్టి కాక కొలతల బట్టి పెట్టెల్లో సర్దుతారు, అడిగితే క్రేన్లు తీసి పైకి పంపుతాయి. పుస్తకాల మరమ్మతు, స్కానింగ్ పని కూడా ఆ భవనంలోనే. భద్రతకు బాగానే ఉంటుంది గానీ, కావలసిన పుస్తకం పక్కనే కావాలని తెలియని పుస్తకం కంటపడే అదృష్టం ఆ పెట్టెల్లో ఉండదు.

డిజిటల్ లైబ్రరీ పుటలో నిఘంటువుల వెనకాల చారిత్రక పటాలు, గెజెటీర్లు (ఊళ్ల, జిల్లాల వివరాల పుస్తకాలు) కూడా ఉన్నాయి. ఇంపీరియల్ గెజెటీర్‌లో మీ ఊరి సంగతి చూడాలంటే ఇప్పటి పేరుతో వెతికి విసుగు చెందకండి. శ్రీకాకుళానికి చికాకోల్, కాకినాడకు కొకనాడ, ఏలూరుకు ఎల్లోర్, విజయవాడకు బెజవాడ, ఇవన్నీ రోమన్ లిపిలో కొట్టాలి.